రాచ్చిప్ప సూత్రం: సటీకా తాత్పర్యం

మూలం

“పులుసు ముప్పాతిక మరగ్గానే దించెయ్యవే, మిగతాది రాచ్చిప్ప చూసుకుంటుంది.”

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కొలచల మల్లినాథసూరి, మూలంలో లేనిదీ అక్కరలేనిదీ రాయనని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకా ఆ కట్టుబాటుతోనే మొదలవుతోంది; ఎంతదాకా నిలుస్తుందో పాఠకులే చూస్తారు. ప్రస్తుత వాక్యం అమ్మమ్మ ప్రోక్తం. నాయనమ్మ ప్రోక్తమని మరో సంప్రదాయం. వియ్యపురాళ్లిద్దరూ మాదంటే మాదని పట్టుబట్టినందువల్ల కర్తృత్వం తేలలేదు. సందర్భం: కోస్తా జిల్లాలో ఒక వంటిల్లు, పొద్దు పదకొండు గంటలు. ముద్దపప్పు దిగింది. మనవరాలు గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

ప్రతిపదార్థం

పులుసు = చింతపండు రసంలో ఆనపకాయ, మునక్కాడ, వంకాయ, బెండకాయల్లో ఇంట్లో ఏవుంటే అవి వేసి, బెల్లం ముక్క తగిలించి, కాస్త బియ్యప్పిండి జారుగా కలిపి పోసినది; ముప్పాతిక = ముక్క మెత్తబడి, చింతపండు పచ్చివాసన పోయి, ముక్కలో ఉప్పు ఇంకా పూర్తిగా పట్టని దశ; మరగ్గానే = మరిగిన మరుక్షణం, ఫోను మాట్లాడి వచ్చాక కాదు; దించెయ్యవే = పట్టుగుడ్డతో పట్టుకుని గట్టు మీదికి చేర్చు (మంట ఆపి అక్కడే వదిలేయడం దించడం కిందికి రాదు); మిగతాది = ఆ పాతిక; రాచ్చిప్ప = బలపపు రాతిని తొలిచి చేసిన, వాడగా వాడగా నల్లబడ్డ పాత్ర; చూసుకుంటుంది = పూర్తి చేస్తుంది.

తాత్పర్యం

ఓ మనవరాలా! పని పూర్తయ్యేదాకా పొయ్యిని వదలకపోవడం పనితనం కాదు. పాత్ర మంచిదైతే దానికీ కొంత పని మిగల్చాలి.

విశేషాలు

రాయి వేడెక్కడానికి బద్ధకిస్తుంది. చల్లారడానికి అంతకన్నా బద్ధకిస్తుంది. బరువుకు బరువు పెట్టి చూస్తే ఇనుము కన్నా రెండింతల వేడిని దాచుకుంటుంది. పైగా అడుగు మందం. దించిన తర్వాత కూడా అంచుల వెంట బుడగలు లేస్తూనే ఉంటాయి, నడుమ ఆనపకాయ ముక్క ఉండుండి కదులుతుంది. ఉప్పు, పులుపు, బెల్లం ముక్కలోకి దిగేది ఈ వేళలోనే. పోపు మాత్రం వేరే ఇనప గరిటెలో వేస్తారు. ఆవాలు చిటపటలాడేదాకా రాయిని కాచాలంటే భోజనాల వేళ దాటుతుంది.

పులుపుకు రాయి లొంగదు. వట్టి ఇత్తడిలోనో రాగిలోనో చింతపండు మరిగిస్తే చిలుము రుచి వస్తుంది. అందుకే వాటికి లోపల కళాయి. కళాయి అంటే తగరపు పూత. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కళాయి గిన్నెను వట్టిగా పొయ్యి మీద మరిచిపోతే పూత జారి ముద్ద కడుతుంది. వీధిలో కూర్చుని నవాసారం పొగ మధ్య కళాయి పెట్టేవాళ్లు అరుదయ్యాక ఇత్తడి గిన్నెలు అటకెక్కాయి. రాచ్చిప్పకు ఆ పరాధీనత లేదు.

అయితే దాని భయాలు దానికున్నాయి. కొత్తదానికి నూనె, పసుపు పట్టించి, కొన్నాళ్లు వేడి గంజి పోసి పొయ్యికి అలవాటు చెయ్యాలి. ఒక్కసారిగా పెద్దమంట పెట్టినా, కాగి ఉన్నప్పుడు చన్నీళ్లు పోసినా పగులుతుంది.

అలంకారం

జడమైన రాతికి ‘చూసుకోవడం’ అనే చేతన ధర్మాన్ని అంటగట్టారు కాబట్టి ఇది ఉత్ప్రేక్ష అని కొందరు. అది చెల్లదు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు కనుక స్వభావోక్తి. అమ్మమ్మ రాచ్చిప్పను పొగడడం లేదు, పని అప్పగిస్తోంది. ఎక్కడ చెయ్యి తీయాలో తెలియడం వండేవారి వంతు, ఆ తర్వాతిది పాత్ర వంతు.

ఆక్షేపణ, సమాధానం

“తెలంగాణ పచ్చిపులుసును అసలు మరిగించరు కదా, ఈ సూత్రానికి అవ్యాప్తి దోషం లేదా?” అంటే, లేదు. పొయ్యే ఎక్కనిదాన్ని దించే ప్రసక్తి ఎక్కడిది? ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి పిసికి కలిపే ఆ పులుసుది వేరే శాస్త్రం. దానికి వేరే భాష్యం కావాలి.

“కుక్కరులో నాలుగు కూతలకు అయిపోయేదానికి ఇంత తతంగమా?” అని నవీనులు. కుక్కరు ఆవిరిని బిగబట్టి నీటి మరుగు వేడిని 120 డిగ్రీల దాకా లేపుతుంది. పప్పుకు అది తగినదే, అమ్మమ్మ కూడా ముద్దపప్పు అందులోనే పెట్టింది. పులుసు ముక్కకు మాత్రం అంత తొందర పనికిరాదు. ఆనపకాయ ఆనవాలు దక్కదు.

పాఠాంతరం

నెల్లూరు ప్రతిలో ‘రాచ్చిప్ప’ స్థానంలో ‘మట్టి దాక’ అనీ, ‘పులుసు’కు ముందు ‘చేపల’ అనీ ఉంది. మామిడికాయ ముక్కలతో కాచిన ఆ పులుసును మర్నాటిదాకా దాకలోనే ఉంచి తినాలని అక్కడి వ్యాఖ్యాతల ఏకగ్రీవ తీర్మానం. పాత్రకు ఇచ్చిన గడువు పెరిగింది గాని సిద్ధాంతం మారలేదు కనుక ఈ పాఠమూ గ్రాహ్యమే.

ఫలశ్రుతి

ఈ వాక్యాన్ని నిత్యం ఆచరించేవారికి గ్యాసు బండ నాలుగు రోజులు ఎక్కువ వస్తుంది, ముద్దపప్పులోకి ముక్క చెడని పులుసు దొరుకుతుంది. విని పెడచెవిన పెట్టినవారికి మాడిన అడుగు తోమే యోగం సిద్ధిస్తుంది.