నీలిపండ్ల అట్టుకు టీకాతాత్పర్యము

పిండి గుడ్డు చల్ల పెద్దగా కలుపక
పెనము మీద పోసి పిదప జల్లి
యడవి నీలిపండ్లు హాయిగా తిప్పరా
బుడగ పగిలి గుంట పూడకున్న

అవతారిక: అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున, ఆగస్టు నెలలో, ఒక ఆదివారపు ప్రొద్దున ఇంటిల్లిపాదియు పళ్లెములు పట్టుకొని కూర్చుండగా, పెనము ముందర నిలిచినవానికి కవి చేయు ఉపదేశమిది. ఛందము ఆటవెలది.

ప్రతిపదార్థము: పిండి = కప్పు మైదాను; గుడ్డు = ఒక కోడిగుడ్డును; చల్ల = కప్పు పుల్లమజ్జిగను (నీళ్లమజ్జిగ కాదు, గరిటెజారుగా ఉండవలెను); పెద్దగా కలుపక = ఉండలు మిగిలినను లెక్కచేయక కలిపి; పెనము మీద పోసి = వెన్న రాచిన పెనముపై గరిటెడేసి పోసి; పిదప = పోసిన తరువాతనే; అడవి నీలిపండ్లు = వైల్డ్ బ్లూబెర్రీలను; జల్లి = పైన చల్లి; బుడగ పగిలి = పైకి తేలిన బుడగ చిట్లి; గుంట పూడకున్న = ఆ చిల్లు మరల మూసికొననియెడల; హాయిగా = తొందరపడక; తిప్పరా = తిరుగవేయుము. అరచెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు గణములలో ఇమడలేదు గనుక అధ్యాహారము. మేపుల్ సిరప్ వడ్డించువాని ఔదార్యమునకు విడువబడినది.

తాత్పర్యము: పేన్‌కేకు చేయువాడు ముందుగా చేతులు కట్టుకొనుట నేర్వవలెను.

విశేషములు:

"పెద్దగా కలుపక": కలిపినకొలది మైదాలోని గ్లూటెన్ సాగి అట్టు రబ్బరగును. దోసెపిండిని రాత్రంతయు పులియనిచ్చువారు ఇచట అలవాటు మార్చుకొనవలెను. మజ్జిగ పులుపు సోడాను తాకగానే కార్బన్ డయాక్సైడ్ పుట్టును; నిలువయుంచిన అది పెనము చేరకమునుపే గాలిలో కలియును.

"అడవి": పులులు తిరుగు చోటని భ్రమింపరాదు. హిమానీనదములు విడిచిన ఇసుకనేలలో, మోకాలెత్తు కూడ రాని పొదలివి. ఎవరును నాటలేదు, భూమిలోపలి కాడలతో తామే ప్రాకినవి. రైతు చేయు పని ఏడు విడిచి ఏడు పొలము తగులబెట్టుటయో, కోతయంత్రముతో నేలమట్టము చేయుటయో. మరుసటి ఏడు పండ్లు కాయును. ఈ కాల్చు విద్య అచటి ఆదివాసులైన వాబనాకీ జనులది. పండ్లను దువ్వెన వంటి పళ్లున్న చేతిపనిముట్టుతో దువ్వి తీయుదురు. 1991లో మెయిన్ వీనిని రాష్ట్రఫలముగా ప్రకటించినది. తోటలలో పెంచు పెద్దపండ్లు వేరు. అవి న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్, ఫ్రెడరిక్ కోవిల్ మచ్చిక చేసిన జాతి; వాని తొలిపంట 1916లో విపణికెక్కినది. రంగు మిక్కిలిగా తొక్కలోనిది. పండు చిన్నదైనకొలది తొక్క పాలు హెచ్చు. కావున కవి అడవిపండునే కోరెను.

"పిదప జల్లి": కొన్ని ప్రతులలో "ముందె కలిపి" అను పాఠము కలదు. అది అగ్రాహ్యము. మొదటి దోషము, యతిభంగము. రెండవది, తొక్కలోని ఆంథోసయనిన్లు పులుపున ఎర్రబడి, క్షారమున పచ్చబడును. పండు పిండిలో నలిగి, సోడా మిగిలినచోట రసము తగిలిన, అట్టు మీద పాచి పట్టినట్లగును. ఫ్రీజరులోని పండ్లనైనను కరుగనీయక గడ్డగనే చల్లవలెను.

"హాయిగా": ఇది యతికొరకు దూర్చిన మాటయని ఆక్షేపించువారు కలరు. వారు అట్టు ముందుగా తిప్పినవారే. పచ్చిపిండిలో చిల్లు వెంటనే పూడును, ఉడికినదానిలో నిలిచిపోవును. ఈ రెంటి నడుమ వేచియుండు నిమిషమే హాయి. అట్లకాడతో మాటిమాటికి అంచు లేపి తొంగిచూచుట, అదిమి చదును చేయుట ఈ పదమునకు విరుద్ధము.

ఫలశ్రుతి: ఇది గ్రహించి వండినవానికి దూదివంటి అట్టును, ఊదా మరకల రుమాలును సిద్ధించును. మొదటి అట్టు పెనము వేడి తెలియుటకే గనుక అది కవికి సమర్పించి, రెండవది వ్యాఖ్యాతకు పెట్టవలెను.