డిస్కోజ్జీవని: ఒక దుకాణ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “కంపనీ బిక్ గయీ, మాల్ బిగడ్ గయా.” (కంపెనీ అమ్ముడుపోయింది, సరుకు చెడిపోయింది.)

అవతారిక. సూరత్ రింగ్ రోడ్డు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఒకటుంది. ఎవరి హార్డ్‌డిస్కు చచ్చినా, కౌంటరు వెనక కూర్చున్న శాస్త్రకారుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, అరకన్ను మూసి, పై సూత్రం వదులుతాడు. ఊళ్ళోనే లింబాయత్‌లో ఎంబ్రాయిడరీ పంచింగ్, అంటే కుట్టు డిజైన్లను కంప్యూటర్లో మలిచే పని, చేసుకునే మన తెలుగు కుర్రాడొకడు, తాతల నాడు కరీంనగర్ నుంచి మగ్గాలు వెతుక్కుంటూ వచ్చిన ఇంటివాడు, చీర అంచుల డిజైన్లన్నీ ఉన్న డిస్కును తువ్వాలులో చుట్టి తెచ్చాడు. లోపల టిక్కు టిక్కుమంటోంది. “భాయ్, డేటా వస్తుందా?” అన్నాడు. శాస్త్రకారుడు సూత్రాన్ని వల్లించాడు. కుర్రాడు మళ్ళీ అడిగాడు. అదే సూత్రం, ఈసారి చివర దీర్ఘం తీసి. అక్కడ టీ తాగుతున్నవాళ్ళందరూ తలలూపారు. అడిగిన ప్రశ్నకు అందులో జవాబు లేదన్న సంగతి ఒక్కరికీ పట్టలేదు. ఇంతటి మహావాక్యానికి ఇన్నాళ్ళూ టీక లేకపోవడం మన వ్యాఖ్యాన సంప్రదాయానికే లోటు.

మెదక్ సీమలో కొల్చారం మల్లినాథసూరి స్వగ్రామమంటారు. దుర్వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును లేపడానికి రాశాను కనుక తన టీకకు ‘సంజీవని’ అని పేరు పెట్టుకున్నాడాయన. మన ఎదుట మూర్ఛపోయింది డిస్కు కాబట్టి ఈ వ్యాఖ్య ‘డిస్కోజ్జీవని’. గుణసంధి. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన మాటిచ్చాడు. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోది అంతటివాడికే చెల్లు.

ప్రతిపదార్థం. కంపనీ, మాల్: సుగమం. గయీ, గయా: స్పష్టం. బిక్: ఇక్కడ ఆగాలి. ఎవరు ఎవరికి, ఎప్పుడు? సూత్రం చెప్పదు. చెప్పకపోవడమే దాని బలం, ఏ డిస్కుకైనా అతుకుతుంది. కనుక టీకాకారుడే ప్రవర చెప్పాలి. సీగేట్ గోత్రంలో 1996లో కానర్, 2006లో మాక్స్‌టర్ కలిశాయి. ఆ మాక్స్‌టర్ 2001లోనే క్వాంటం వాళ్ళ డిస్కుల వ్యాపారాన్ని మింగి కూర్చుంది. 2011లో సామ్‌సంగ్ డిస్కులూ సీగేట్‌లోకే వచ్చాయి. రెండోది వెస్టర్న్ డిజిటల్ గోత్రం. 1956లో మొదటి హార్డ్‌డిస్కును లోకానికిచ్చిన ఐబీఎం తన డిస్కుల వ్యాపారాన్ని హిటాచీకి అమ్మింది, 2003లో హిటాచీ కొత్త కంపెనీ మొదలైంది, 2012లో అదీ వెస్టర్న్ డిజిటల్ పాలైంది. ఫుజిత్సును 2009లో పుచ్చుకున్న తోషిబా మూడోది. ఒకప్పుడు రెండువందలకు పైగా కంపెనీలు చేసిన వస్తువును ఇవాళ చేసేది ఈ ముగ్గురే. అంటే అమ్ముడుపోయిన కంపెనీ నెత్తురు కలవని డిస్కు బజారులో లేనే లేదు. అన్ని డిస్కులకూ ఉన్న లక్షణంతో ఒక డిస్కు చావును వివరించడం, పోయిన మనిషి ఎందుకు పోయాడంటే ఊపిరి పీల్చేవాడు కనుక అనడమే. తర్కంలో మొదటి ఏడాది పిల్లలు కూడా దీన్ని ఒప్పుకోరు.

పూర్వపక్షం. కొన్నాకే చెడిందిగదా అని సూత్రపక్షంవారు వాదిస్తారు. సరే, వ్యాప్తి పరీక్షిద్దాం. అమ్మకం ఉన్నచోటల్లా చెడు ఉండాలి, అమ్మకం లేనిచోట ఉండకూడదు.

ఐబీఎం 2000లో తెచ్చిన డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ ఎంత అప్రతిష్ఠ పాలైందంటే, జనం దాన్ని డెత్‌స్టార్ అన్నారు. కోర్టులో దావా కూడా పడింది. అప్పటికి కంపెనీ అమ్ముడుపోలేదు. మాల్ మాత్రం బిగడ్ గయా. హేతువు లేకుండానే సాధ్యం వచ్చి కూర్చుంది. తరవాత హిటాచీ కొన్నది. అదే డెస్క్‌స్టార్ పేరు మీద వచ్చిన డిస్కులు మెల్లగా మంచిపేరు తెచ్చుకున్నాయి. దాన్ని మళ్ళీ వెస్టర్న్ డిజిటల్ కొన్నాక, వేల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ 2013 నుంచి ప్రకటిస్తున్న లెక్కల్లో ఆ హిటాచీ కంపెనీ, అంటే హెచ్‌జీఎస్‌టీ, డిస్కులు ఏళ్ళ తరబడి తక్కువ చెడిపోయేవాటి వరసలోనే ఉన్నాయి. హేతువు రెండుసార్లు వచ్చింది, సాధ్యం రాలేదు. పైగా చైనా ప్రభుత్వం పెట్టిన షరతు వల్ల 2015 దాకా ఆ రెండు కంపెనీలూ విడివిడిగానే నడిచాయి. అమ్మకం కాగితం మీద జరిగింది, ఫ్యాక్టరీకి తెలియలేదు. ఆ లెక్కలే ఇంకోటి కూడా చెబుతాయి: ఒకే కంపెనీ ముద్ర ఉన్న రెండు మోడళ్ళ నడుమ తేడా చాలాసార్లు రెండు కంపెనీల నడుమ తేడాను మించిపోతుంది.

సీగేట్ మూడు టెరాబైట్ల డిస్కు ఒకటి అదే లెక్కల్లో బాగా చెడ్డపేరు తెచ్చుకుంది, 2016లో దావాకూ ఎక్కింది. సామ్‌సంగ్‌ను కలుపుకున్నాకే ఇలా అయిందని మన శాస్త్రకారుడు అనగలడు. సామ్‌సంగ్ చేతికొచ్చింది 2011 డిసెంబరులో. ఆ డిస్కు గీత గీసి అచ్చు పోసింది అంతకు ముందే. కాకి వాలింది, తాటిపండు పడింది. ఈ లెక్కన 2006 మేలో సీగేట్ మాక్స్‌టర్‌ను కొన్నది, ఆగస్టులో తాపీ పొంగి సూరత్ మునిగింది. తాపీ మీది ఉకాయ్ డ్యాము గేట్లు ఎత్తింది సీగేటేనని కూడా సూత్రం రాయవచ్చు.

అయితే న్యాయం న్యాయమే. సూత్రానికి ఒక మార్కు వేయాల్సిన చోటుంది. మాక్స్‌టర్ డిస్కులకు డైమండ్‌మ్యాక్స్ అని పేరు. కొన్నాక సీగేట్ తన బారకుడాలకే ఆ పేరు అతికించి అమ్మింది. 2008 చివర, 2009 మొదట్లో బారకుడా 7200.11 డిస్కులు కరెంటు ఇచ్చినా లేవకుండా మొండికేశాయి. తప్పు ఫర్మ్‌వేర్‌ది, డేటా లోపల క్షేమం. అదే రోగం డైమండ్‌మ్యాక్స్ 22కూ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. కొన్నవాడి జబ్బు కొనబడినవాడి పేరు మీద వచ్చి పడింది. సూత్రం ఇక్కడ గెలిచింది, తలకిందులుగా.

విశేషాంశం. వజ్రాల ఊళ్ళో డైమండ్ అన్న మాట పడ్డాక ముందుకు కదలడం కష్టం. అసలు కంపెనీ చేతులు మారడమన్నది సూరత్‌కు డిస్కులతో వచ్చిన ముచ్చటా? ఇంగ్లీషు కంపెనీ మన మచిలీపట్నంలో 1611లో కోఠీ పెట్టింది. సూరత్‌లో స్థిరపడింది ఆ తరవాతే. ఈ మాట ఇక్కడి మిత్రుల దగ్గర అంటే ఒప్పుకోరు, అయినా అనడం నాకిష్టం. 1698లో లండన్‌లో పార్లమెంటు ఇంకో తూర్పు ఇండియా కంపెనీకి కూడా పట్టా ఇచ్చింది. పాత కంపెనీ, కొత్త కంపెనీ. కొత్తది సూరత్‌కు నికొలస్ వెయిట్‌ను, మచిలీపట్నానికి జాన్ పిట్‌ను పంపింది. మద్రాసులో పాత కంపెనీ గవర్నరు థామస్ పిట్, ఈ జాన్‌కు దాయాదే. జాన్ వచ్చి, రాజు గారి కాన్సల్ని, నన్ను గుర్తించు అన్నాడు. థామస్ ససేమిరా అన్నాడు. ఉత్తరాల్లో తిట్టుకున్నారు. సూరత్‌లో ఇంకా ఘోరం: పాత కంపెనీ పెద్ద జాన్ గేయర్ మొగలు అధికారుల నిర్బంధంలో ఏళ్ళు గడిపాడు, దాని వెనక వెయిట్ చెయ్యి కూడా ఉంది. చివరికి 1708లో మధ్యవర్తి గొడాల్ఫిన్ తీర్పుతో రెండూ కలిసిపోయి ఒకటే కంపెనీ అయింది.

ఆ థామస్ పిట్టే కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిన పెద్ద వజ్రాన్ని కొన్నాడు. 1717లో అది ఫ్రాన్సు రీజెంటు చేతికి వెళ్ళింది. పిట్ వజ్రం కాస్తా రీజెంట్ వజ్రమైంది. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సొత్తు, 140 క్యారెట్లు. యజమాని మారాడు, పేరు మారింది, రాయి మెరుపులో రవ్వ తగ్గలేదు. సూత్రఖండనకు ఇంతకన్నా దృష్టాంతం లేదనిపిస్తుంది. కానీ ఇది చెల్లదు, నాకు తెలుసు. రాయి ఒక్కటే. డిస్కు అనేది నెలనెలా పుట్టే కొత్త రాయి. రేపు పుట్టబోయేదాన్ని కొత్త యజమాని చెడగొట్టగలడు, బాగు చేయనూగలడు.

ఇంకో సంగతి వదిలెయ్యబుద్ధి కావడం లేదు. 1708 తీర్పు తరవాత మచిలీపట్నం అద్దకం రంగు వెలిసిందా? లేదు. సూరత్ బట్ట పలచబడిందా? ఎవరూ అనలేదు. కానీ నేతగాడి గుమ్మంలో మొన్నటిదాకా ఇంగ్లీషువాళ్ళే ఇద్దరు బేరగాళ్ళు నిలబడేవారు. కలయికతో ఒకడు మిగిలాడు. మాల్ చెడలేదు, బేరం చెడింది.

ఎక్కడున్నాం? డిస్కు.

సిద్ధాంతం. ఇప్పుడు బేరగాడు మనం, తగ్గింది అమ్మేవాళ్ళు. 2011 డిసెంబరులోనే, సామ్‌సంగ్ డిస్కుల కొనుగోలు పూర్తయిన నెలలోనే, సీగేట్ చాలా బారకుడాల వారంటీని ఏడాదికి దించుతున్నట్టు ప్రకటించింది. హిటాచీ కొనుగోలు ముగింపుకొస్తుండగా వెస్టర్న్ డిజిటల్ తన మామూలు డెస్క్‌టాప్ డిస్కులకు మూడేళ్ళను రెండు చేసింది. ఆ ఏడే థాయిలాండ్ వరదలొచ్చి ఫ్యాక్టరీలు మునిగి ధరలు ఎగిశాయి కాబట్టి నెపం వాటిమీద వేయవచ్చు. నీళ్ళు దిగాయి, ఆ వారంటీలు మాత్రం పూర్తిగా పాత మట్టానికి రాలేదు. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో కొన్నిటికి, రాత పట్టీలను పెంకుల్లా ఒకదానిమీదొకటి పేర్చి రాసే, తిరగరాతలో నెమ్మదించే పద్ధతిని చెప్పకుండానే పెట్టానని ఒప్పుకుంది. కోపం వచ్చినవాడు ఎటు పోతాడు? ఇంకా రెండే గుమ్మాలు. ముగ్గురే ఉన్నచోట చేతులు మారినప్పుడు ముందు అరిగేది పళ్ళెం కాదు, కాగితం. శాస్త్రకారుడు చెవి పెట్టాల్సింది ఆ కాగితానికి.

కుర్రాడి డిస్కు నేను తిప్పి చూశాను. లేబులు మీద మోడలు, సీరియల్ నంబరు, తయారైన నెల ఉన్నాయి. కింద మూల చీమ తలకాయంత అక్షరాల్లో ‘రీసర్టిఫైడ్’ అని ఉంది. అంటే ఒకసారి ఎవరి చేతికో వెళ్ళి, తిరిగొచ్చి, పరీక్ష దాటి మళ్ళీ బజారుకెక్కిన డిస్కు. దాన్ని కొత్త డిస్కు ధరకు అమ్మింది ఏ అమెరికా కంపెనీ విలీనమూ కాదు. నాకు ఒళ్ళు మండింది ఇక్కడ. రెండేళ్ళ పంచింగ్, రాత్రిళ్ళు కూర్చుని మామిడిపిందె అంచును కుట్టు కుట్టుగా మలిచిన పని, పార్టీ అడిగితే రేపు మళ్ళీ మొదటినుంచి చేయాలి. వాడికి అందిన ఓదార్పు ఏమిటంటే కార్పొరేట్ చరిత్ర.

ఫలశ్రుతి. ఈ టీకను శ్రద్ధగా చదివి, అదే దుకాణంలో ఇంకో డిస్కు కొనబోయి, బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోగోరువారికి ఒక సూచన. ఆ పూట శాస్త్రకారుడి ప్రింటరు పనిచేయదు. దాని కంపెనీ కూడా బిక్ గయీ అట.