వాచ్‌మన్‌కు పనికిరాడు... ఎమ్మెల్యేకు ఓకే!

సెంట్రల్ జైల్లో ఫంక్షన్ పెడితే చూడాలి. గేటు నుంచి స్టేజీ దాకా షామియానా. ఫ్లెక్సీ నిండా మంత్రిగారి నవ్వు. ఆ నవ్వు కింద మిగిలిన జానెడు జాగాలో 'ఖైదీల పునరావాసం - నైపుణ్య శిక్షణ' అని చిన్నక్షరాలు. మంత్రిగారు కుట్టు మిషన్ తొక్కుతారు. ఫొటో. బేకరీలో వేడి బన్ను కొరుకుతారు. ఫొటో. 'జైళ్లు శిక్షాలయాలు కావు, పరివర్తనాలయాలు' అంటారు. చప్పట్లే చప్పట్లు. కొట్టక ఏం చేస్తారు పాపం, మధ్యలో లేచి పోదామంటే గేటు తీసేవాడెవడు?

నేర్పడం లేదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా నేర్పుతున్నారు. చర్లపల్లిలో బీరువాలూ బల్లలూ చేయిస్తారు. రాజమహేంద్రవరంలో మగ్గం నేయిస్తారు. తెలంగాణ జైళ్ల శాఖకైతే ఏకంగా 'మై నేషన్' అని సొంత బ్రాండే ఉంది. సబ్బులు, ఫినాయిలు, ఫర్నిచర్ ఆ పేరుతోనే అమ్ముతారు. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ లోపలికే వచ్చి డిగ్రీ చదివిస్తుంది. అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది పెట్రోలు బంకుల్ని. జైళ్ల శాఖ నడిపే ఆ బంకుల్లో విడుదలైనవాళ్లను కూడా పనిలోకి తీసుకున్నారు. వాళ్లే పెట్రోలు కొట్టారు, వాళ్లే డబ్బు లెక్కపెట్టారు. కొంపలేమీ అంటుకోలేదు. మరి జైళ్ల శాఖకు లేని భయం మిగతా శాఖలకు ఎందుకట?

అసలు సినిమా గేటు బయట మొదలవుతుంది.

విడుదల రోజు ఏమిస్తారు? వచ్చినప్పుడు విప్పుకున్న బట్టలు. కూడబెట్టిన కూలి డబ్బులు. ఊరికి దారి ఖర్చులు. పైన ఓ ఉచిత సలహా: 'ఇకనైనా బాగుపడు!' అలాగే సార్. ఎక్కడ బాగుపడాలో అడ్రస్ కూడా చెప్పండి. రేషన్ కార్డులో పేరు ఎప్పుడో ఎగిరిపోయింది. బ్యాంకు ఖాతా నిద్రలో ఉంది, లేపాలంటే కేవైసీ. కేవైసీకి అడ్రస్ కావాలి. అడ్రస్‌కు అద్దె ఇల్లు కావాలి. అద్దె ఇంటికి అడ్వాన్స్ కావాలి. అడ్వాన్స్‌కు ఉద్యోగం కావాలి. ఉద్యోగానికి? బ్యాంకు ఖాతా కావాలి! డ్రైవర్ పని చేసుకుందామంటే లైసెన్సు గడువు తీరి ఏడాది దాటింది, మళ్లీ టెస్టు రాయాలి.

సరే, ఎలాగో ఇంటర్వ్యూ దాకా వెళ్లాడనుకుందాం.

'ఏడేళ్లు ఎక్కడ చేశావ్?'

'చర్లపల్లిలో సార్. కార్పెంటర్.'

'ఏ కంపెనీ?'

ఏమని చెప్పాలి? మహారాజశ్రీ ప్రభుత్వం వారి కంపెనీ అని చెప్పాలా? శ్రీకృష్ణ జన్మస్థానంలో నైట్ డ్యూటీతో సహా చేశానని చెప్పాలా? నిజం చెబితే 'ఫోన్ చేస్తాంలే' అంటారు. ఆ ఫోన్ ఈ జన్మలో మోగదు. అబద్ధం చెబితే రేపు వెరిఫికేషన్‌లో దొరికిపోతాడు. 'చూశారా, బుద్ధి మారలేదు' అని మనమే అంటాం.

పోనీ సర్కారు కొలువు? అతను చేసిన బల్ల సర్కారు ఆఫీసులో ఉంటుంది. అతను చేసిన బీరువాలో సర్కారు ఫైళ్లుంటాయి. ఆ బల్ల తుడిచే అటెండర్ పోస్టుకు అతనే అప్లై చేస్తే మాత్రం ఫారంలో ఓ గడి కాచుక్కూర్చుంటుంది: 'మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా? శిక్ష పడిందా?' పరివర్తన చెందాడని సర్టిఫికెట్ ఇచ్చింది ఎవరు? ప్రభుత్వం. నమ్మనిది ఎవరు? అదే ప్రభుత్వం. సొంత సరుకును సొంత కొట్లోనే అమ్ముకోలేని షావుకారు, 'మీరు కొనండి బాబూ' అని జాబ్ మేళాలు పెట్టి ప్రైవేటు కంపెనీలకు నీతులు చెబుతాడు!

చదువు లేదు, సిఫార్సు లేదు, సెక్యూరిటీ గార్డుగానైనా చేరదామంటారా? తూచ్! ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. సెక్షన్ 10 చూడండి. కోర్టులో శిక్ష పడినవాణ్ని గార్డుగా పెట్టుకోకూడదు. ఎన్నేళ్ల దాకా? గడువు రాయలేదు. అంటే చచ్చేదాకా. ఏటీఎం ముందు స్టూలు వేసుకుని రాత్రంతా దోమలు కొట్టుకునే ఉద్యోగానికి అంతటి పవిత్రత కావాలి మరి.

ఇప్పుడు ఇంకో చట్టం తెరుద్దాం. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951. సెక్షన్ 8. రెండేళ్లో అంతకు మించో శిక్ష పడితే అనర్హుడు. ఎంతకాలం? జైల్లో ఉన్నన్నాళ్లు, బయటికొచ్చాక ఆరేళ్లు. ఆ తర్వాత? కడిగిన ముత్యం. నామినేషన్ వేసుకోవచ్చు. ఎమ్మెల్యే కావచ్చు, మంత్రి కావచ్చు, జైళ్ల శాఖ మంత్రి కూడా కావచ్చు. వచ్చి కుట్టు మిషన్ తొక్కొచ్చు! ఇంకా కామెడీ ఏంటంటే, దొంగతనం కేసులో ఏడాది శిక్ష పడినవాడికి ఆ ఆరేళ్ల ఆగడం కూడా అక్కర్లేదు. బయటికొచ్చిన మర్నాడే అసెంబ్లీకి పోటీ చేయొచ్చు. కానీ అదే అసెంబ్లీ పక్క వీధిలో ఏటీఎంకు కాపలా కాయడానికి ఏజెన్సీ వాణ్ని తీసుకోకూడదు. ఖజానాకు అర్హుడు, ఏటీఎంకు అనర్హుడు. ఈ లెక్క మీకు అర్థమైందా? నాకూ కాలేదు.

2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని వాళ్ల అఫిడవిట్లలో వాళ్లే రాసిచ్చారు. కేసులే లెండి, నేరం రుజువైతే కదా అంటారు. నిజమే. ఆ పెద్దమనసు పచారీ కొట్లో పనికి వచ్చిన కుర్రాడి మీద చూపిస్తారా? వాడి మీద ఎఫ్ఐఆర్ ఉందంటే చాలు, మనకది సుప్రీంకోర్టు తీర్పే! నాయకుడు బెయిల్ మీద వస్తే జైలు గేటు దగ్గర డీజే, క్రేన్‌తో గజమాల, వంద కార్ల ర్యాలీ. మామూలు ఖైదీ శిక్ష పూర్తిగా అనుభవించి వస్తే ఎదురొచ్చేది ఎవరు? రౌడీ షీటు తెరిచి ఉంటే, స్టేషన్ కానిస్టేబుల్. ఆదివారం ఆదివారం కౌన్సెలింగ్‌కు రా. నిమజ్జనం వస్తోంది, ఎమ్మార్వో ముందు బైండోవర్ అవ్వు. ఎన్నికలొస్తున్నాయి, మళ్లీ బైండోవర్ అవ్వు. అవే ఎన్నికలకు పాతిక కేసుల బాబుగారు నామినేషన్ వేస్తుంటే అదే కానిస్టేబుల్ ట్రాఫిక్ ఆపి దారిస్తాడు. పనిలో చేరిన రెండో వారమే బైండోవర్ కోసం సెలవడిగేవాణ్ని ఏ యజమాని ఉంచుకుంటాడు?

కూలి సంగతి ఎత్తకుండా ఉండలేను. ఖైదీల చేత పని చేయించుకుంటే న్యాయమైన కూలి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లోనే, గుజరాత్ కేసులో చెప్పింది. చెప్పి పాతికేళ్లు దాటింది. ఈలోగా మనవాళ్లు కనిపెట్టినదేమిటో తెలుసా? 2016లో సంగారెడ్డి పాత జైల్లో 'ఫీల్ ది జైల్'. అయిదొందలు కడితే ఒక రోజు ఖైదీ వేషం. చిప్పకూడు, చాప, సెల్ఫీ. ఆ అయిదొందలు సంపాదించడానికి అసలు ఖైదీ ఎన్ని రోజులు రంపం లాగాలో టికెట్ వెనక వేస్తే బాగుండేది.

నైపుణ్యం అన్నారు కదా, దాని ముచ్చటా వినండి. ఏ ఖైదీకి ఏ పని అనేది చాలా రాష్ట్రాల జైలు నిబంధనల్లో కులాన్ని బట్టి నడిచింది. చీపురు ఫలానా కులం వాడికి, గరిటె ఫలానా కులం వాడికి. ఇది రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు కొట్టేసింది ఎప్పుడు? నిజాం కాలంలో కాదు. 2024 అక్టోబర్ 3న! అంతరిక్షానికి రాకెట్లు పంపే దేశంలో జైలు చీపురుకు కులం పోవడానికి 2024 దాకా పట్టింది.

ఇంతా చేసి ఈ శిక్షణలు ఎందరికి? 2022 చివరి నాటి జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం దేశంలో ఖైదీలు 5,73,220 మంది. అందులో శిక్ష పడనివాళ్లు, అంటే విచారణ ఖైదీలు, 4,34,302 మంది. నలుగురిలో ముగ్గురు! పునరావాసం స్కీములన్నీ ప్రధానంగా శిక్ష పడినవాళ్లకే. తక్కిన ముగ్గురూ? నేరం తేలలేదు కాబట్టి శిక్ష లేదు, శిక్ష లేదు కాబట్టి శిక్షణ లేదు. ఏ కుట్టు మిషన్ ముందూ కూర్చోకుండానే నెలలో ఏళ్లో ఊచలు లెక్కపెట్టి ఓ సాయంత్రం బెయిల్ మీదో, నిర్దోషిగానో బయటపడతారు. నిర్దోషికి పునరావాసం దేనికండీ, అతను తప్పు చేయలేదుగా! పోయిన ఉద్యోగం, తాకట్టు పడిన ఆటో, బడి మానేసిన పిల్లలు ఆయన సొంత విషయం.

వీళ్లలో కొందరైతే బెయిల్ వచ్చినా జామీనుకు దిక్కులేక లోపలే ఉంటారు. వాళ్ల కోసం 2023 బడ్జెట్లో కేంద్రం ఓ పథకం ప్రకటించింది. అప్పట్లో విచారణ ఖైదీకి 40 వేల దాకా, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి 25 వేల దాకా సాయం. దేశం మొత్తానికి ఏడాదికి 20 కోట్లు. మన దగ్గర ఒక్క ఉప ఎన్నిక వస్తే ఆ మాత్రం తెల్లారేలోగా పంచేస్తారని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ నిధులైనా వాడుకోండి మహాప్రభో అని కేంద్రమే రాష్ట్రాలకు లేఖలు రాయాల్సి వచ్చింది. ఓట్లకు పంచడంలో ఉన్న హుషారు జామీనుకు పంచడంలో ఏమైపోయిందో!

కాగితాలకు కొదవా? 1980లో వేసిన ముల్లా కమిటీ 1983లో నివేదిక ఇచ్చింది. 2016లో నమూనా జైలు మాన్యువల్. 2023లో నమూనా జైళ్ల చట్టం. అన్నింట్లోనూ విడుదల తర్వాతి సంరక్షణ గురించి చక్కగా రాశారు. అన్నీ నమూనాలే. బట్టల షాపు అద్దంలో బొమ్మకు తొడిగిన పట్టుచీరలా చూసి మురవాలే తప్ప కట్టుకోకూడదు. చేతల్లో మాత్రం యమ స్పీడు. జంపఖానాలకు పేరుపడ్డ వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం నేలమట్టం చేశారు. ఖైదీలను వేరే జైళ్లకు సర్దేశారు. ఆసుపత్రి కావాల్సిందే, ఎవరు కాదన్నారు? కానీ ఆ మగ్గాల మీద చేయి తిరిగినవాళ్ల గతి ఏమిటని ఏ సభలోనైనా ఎవరైనా అడిగారా?

మనమేమైనా తక్కువ తిన్నామా? జైలు బేకరీ బిస్కెట్లు చవగ్గా, శుభ్రంగా ఉన్నాయని లైన్లో నిలబడి కొంటాం. ఆ బిస్కెట్ చేసినవాడు మన వీధిలో గది అద్దెకు అడిగితే? 'ఫ్యామిలీలకే ఇస్తామండీ.' ఫ్యామిలీతో వస్తే? 'మొన్ననే ఇచ్చేశామండీ.' టులెట్ బోర్డు మాత్రం అక్కడే వేలాడుతుంటుంది.

చట్టాలు మార్చడం అంత వీజీ కాదు అంటారా? అక్కడికే వస్తున్నా. 2013 జూలై 10న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జైల్లో ఉన్నవాడికి ఓటు లేదు కాబట్టి పోటీ చేసే హక్కూ లేదంది. ఢిల్లీ దద్దరిల్లింది. పార్టీలన్నీ అన్నదమ్ములైపోయాయి. సెప్టెంబర్ తిరక్కుండానే ప్రజాప్రాతినిధ్య చట్టానికి సవరణ వచ్చేసింది, అదీ జూలై 10 నుంచే వర్తించేలా! కటకటాల వెనక ఓటు వేయకూడదు, పోటీ మాత్రం చేయొచ్చు. 2024లో ఇద్దరు జైల్లో ఉండే లోక్‌సభకు గెలిచారు కూడా.

మూడు నెలలైనా పట్టలేదు. మీకు అవసరమైతే చట్టం అంత మెత్తన. సెక్యూరిటీ ఏజెన్సీల చట్టంలో 'విడుదలైన ఆరేళ్ల తర్వాత అర్హుడు' అని ఒక్క వాక్యం చేర్చడానికి ఏమడ్డం? కొత్తగా ఆలోచించే శ్రమ కూడా అక్కర్లేదు, మీ కోసం మీరు రాసుకున్న ఆరేళ్లే. అటెండర్ పోస్టు ఫారంలో ఆ గడికీ అదే గడువు పెట్టండి. 2005 నుంచి ఆ ఒక్క వాక్యం కోసం ఎందరు ఎదురు చూస్తున్నారో! తొందరేముంది. వాళ్లకు లోపల ఓటు లేదు, బయట యూనియన్ లేదు. ఆగుతారు లెండి.