ట్యాంకులో దాగిన ఎక్స్

గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా మీదుగా హైదరాబాద్ పోయొచ్చే కారు యజమానుల్లో మైలేజీ చెప్పలేనివారు అరుదు. ఒకాయనకు ఇరవై రెండు, పక్కాయనకు ఇరవై మూడున్నర. దశాంశం దాకా తెలిసిన ఈ పెద్దమనుషుల్ని ఎన్ని లీటర్లు పోయించారని అడిగితే మాత్రం ‘ఐదొందలది కొట్టించిన’ అంటారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా పెట్రోలు ధర ఏ రోజుకారోజు నిర్ణయిస్తున్నారు కాబట్టి ఐదొందలంటే ఎన్ని లీటర్లో తేదీ చూస్తే గాని తేలదు. పోయించక ముందు ట్యాంకులో ఎంతుందో ఎరుక లేదు, ఇల్లు చేరాక ఎంత మిగిలిందో అదీ లేదు. ఒక్క సమీకరణం, రెండు చరరాశులు. పదో తరగతి పిల్లల్ని అడిగితే దీనికి ఒకే జవాబు రాదంటారు. మనవాళ్లకు వస్తుంది, అదీ పక్కాయన కంటే ఒకటి ఎక్కువే వస్తుంది.

నిజానికి బీజగణితం ఇక్కడ కోరేది చాలా తక్కువ. ట్యాంకు నిండా పోయించి, తిరిగి, మళ్లీ నిండా పోయిస్తే మొదట ఉన్న ఎక్స్ లెక్కలోంచి కొట్టుకుపోతుంది. రెండోసారి పట్టినన్ని లీటర్లే బండి తాగినవి. సగటు దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. పోయేటప్పుడు 20, ఏసీ వేసుకుని ఎదురుగాలిలో వచ్చేటప్పుడు 12 ఇస్తే సగటు 16 అని తేల్చేస్తారు. అరవై కిలోమీటర్లు పోవడానికి మూడు లీటర్లు, రావడానికి ఐదు, మొత్తం 120 కిలోమీటర్లకు ఎనిమిది. అంటే వచ్చింది పదిహేనే. ఆ ఒక్క కిలోమీటరు పరువు కిందికి పోతుంది.

ఇంతవరకు నష్టం గొప్పలకే పరిమితం. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక ఇదే లెక్కలేనితనం రాజకీయమైంది. ఒకవైపు ‘మైలేజీ సగానికి పడిపోయింది’ అనే గోల, మరోవైపు తగ్గుదల నామమాత్రమేనన్న ప్రభుత్వ ఓదార్పు. ఇథనాల్ లీటరుకు పెట్రోలులోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే ఉంటుంది. కలిపిన భాగాన్ని ఎక్స్ అనుకుంటే, మిశ్రమంలో మిగిలే శక్తి ఒకటిలోంచి ఎక్స్‌లో మూడో వంతు తీసేసినంత. ఎక్స్ ఐదో వంతయితే తరుగు ఆరున్నర శాతం పైచిలుకు. సగం పోయిందనేవారు మెకానిక్‌కు చూపించుకోవడం మంచిది, బండినో లెక్కనో. 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా పాత తరహా కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గుతుందనే అంది. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ఆ అంకెను 3 నుంచి 6 శాతానికి దించి, కొత్త తరహా బండ్లకు ఒకటి రెండు శాతమేనంది.

సరే, ఆరే అనుకుందాం. లీటరు 107 రూపాయల దగ్గర మైలేజీ ఆరు శాతం తగ్గితే, అదే దూరానికి లీటరుకు దాదాపు ఏడు రూపాయలు పెంచినట్టే. రేపు ఉదయం బోర్డు మీద ఏడు రూపాయలు పెంచితే చౌరస్తాలో ధర్నా జరుగుతుంది. ట్యాంకులోంచి తీసుకుంటే దాని పేరు నామమాత్రం! ఈ తరుగుకు పన్ను రాయితీ ఇవ్వచ్చని ఆ నీతి ఆయోగ్ నివేదికే సూచించింది. ఆ పేజీ మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ధర తగ్గించమంటే, ఇథనాల్ కొనుగోలు ధరే ఎక్కువైంది, ఇంకెక్కడ తగ్గించేది అంటారు ప్రభుత్వం వారు. విదేశీ మారకం మిగులుతోంది, రైతుకు గిరాకీ పెరిగింది అనీ అంటారు. ఇవన్నీ లెక్కలోకి రావలసిన మాటలే. అయితే జమ రాసుకున్న చేత్తోనే ఖర్చూ రాయాలి. టన్ను మక్కలకు సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుందంటారు. ఆ లెక్కన 35 లీటర్ల ట్యాంకులోని ఏడు లీటర్లకు పద్దెనిమిది కిలోల మక్కలు కావాలి. పైగా ఫ్యాక్టరీ ఎక్కడో ఒకచోట కట్టాలి. మన నడిగడ్డలో, రాజోలి మండలం పెద్ద ధన్వాడలో కడతామంటే నీళ్లు, గాలి పాడవుతాయని ఊళ్లు తిరగబడ్డాయి. ఆ గొడవలో అరెస్టయిన రైతుల చేతులకు 2025 జూన్‌లో బేడీలు వేసి అలంపూర్ కోర్టుకు తెచ్చారు. రైతు మేలు కోసమే ఈ ఇంధనమని చెప్పేవారు ఆ బేడీలను జమలో రాస్తారో ఖర్చులో రాస్తారో చెప్పాలి. అది తేలేలోపు బంకు రసీదు మీద లీటర్ల పక్కనే ఇథనాల్ శాతం అచ్చువేసి, దాన్నిబట్టి ధర తగ్గించమనండి.