ఉస్మాన్‌గంజ్ బూత్‌లోని బ్యాలెట్ యూనిట్ కథ

ఓటింగ్ యంత్రంలో ఓటరు వేలు తగిలే భాగం బ్యాలెట్ యూనిట్ ఒక్కటే. పోలింగ్ అధికారి బల్ల మీద ఉండేది కంట్రోల్ యూనిట్. మొదట్లో ఈ రెంటినీ అయిదు మీటర్ల కేబుల్ కలిపేది. ఓటు చీటీని అచ్చేసి చూపే వీవీప్యాట్ వచ్చాక మూడో పెట్టె వాటితో జత కలిసింది. ఈ చరిత్ర హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థలో తయారై, పోలింగ్ రోజున ఉస్మాన్‌గంజ్ ఓటర్ల ముందుకు వచ్చే ఒక బ్యాలెట్ యూనిట్‌ది. దీని ముఖం మీద కనిపించేవి కొద్దే: 16 నీలం బటన్లు, ఒక్కో బటన్‌కు ఒక్కో ఎర్ర దీపం, యంత్రం సిద్ధంగా ఉందని చెప్పే పచ్చ దీపం, పారదర్శకమైన మూత కింద అభ్యర్థుల పేర్లు, గుర్తులు అచ్చేసిన కాగితం. ఇంత తక్కువలో సరిపెట్టడం వెనక చాలా ఆలోచన ఉంది. తీసేసినవీ, దాచినవీ, ఆలస్యంగా చేర్చినవీ కలిస్తేనే దీని చరిత్ర.

దీనికి పూర్వీకులు ఇనుప డబ్బాలు. 1951–52 తొలి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా పెట్టి, దాని మీద గుర్తు అతికించారు. ఓటరు కాగితాన్ని తనకు నచ్చిన గుర్తున్న డబ్బాలో వేస్తే చాలు. ఆ డబ్బాలు చేసిన సంస్థల్లో హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ కూడా ఉంది. తర్వాత అందరి గుర్తులూ ఒకే కాగితం మీదికి, రబ్బరు ముద్ర ఓటరు చేతికి వచ్చాయి. కష్టం అక్కడ మొదలైంది. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడినా ఓటు చెల్లకుండా పోయేది. తడి ఆరకముందే కాగితం మడిస్తే సిరా అవతలివైపు అంటుకుని లెక్కింపు దగ్గర గొడవలయ్యేవి. ఓటరు మనసులో స్పష్టత ఉన్నా కాగితం మీద అది చెడిపోయేది. ఆ తప్పు ఓటరు ఖాతాలో పడేది. నిజానికి అది పద్ధతిలోని లోపం. బ్యాలెట్ యూనిట్ పుట్టుకను సమర్థించే కారణాల్లో అన్నిటికన్నా బలమైనది ఇదే. లెక్కింపు త్వరగా ముగియడం దాని తర్వాతి మాట.

యంత్రం ఆలోచన 1977లో ఎన్నికల సంఘంలో వచ్చింది. అప్పటి ప్రధాన కమిషనర్ ఎస్.ఎల్. శక్ధర్. రూపకల్పన బాధ్యత ఈసీఐఎల్‌కు అప్పగించారు. అణుశక్తి విభాగం కింద 1967లో హైదరాబాద్‌లో పుట్టిన ఆ సంస్థ 1979లో నమూనా తయారుచేసింది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దాన్ని రాజకీయ పార్టీల ప్రతినిధులకు చూపించింది. బెంగళూరులోని మరో ప్రభుత్వ సంస్థ బీఈఎల్ కూడా తయారీలోకి వచ్చింది. 1982 మేలో కేరళలోని పరూర్‌లో 50 పోలింగ్ కేంద్రాల్లో వాడారు. అయితే చట్టంలో యంత్రానికి చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు తేల్చింది. 1988 డిసెంబరులో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 61ఎ సెక్షన్ చేర్చారు. అది 1989 మార్చి 15 నుంచి అమల్లోకి వచ్చింది. యంత్రం రూపురేఖలను తీర్చిదిద్దినవారు ఐఐటీ బొంబాయి ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అధ్యాపకులు ఎ.జి. రావు, రవి పూవయ్య. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీల్లోని 16 శాసనసభ స్థానాల్లో, 2004లో దేశంలోని మొత్తం 543 లోక్‌సభ స్థానాల్లో ఈ వంశం యంత్రాలు పనిచేశాయి.

యంత్రం లోపలి పని తేలికైనది కాదు. ఎంతమంది అభ్యర్థులు, ఎన్ని యూనిట్లు, పోలింగ్ మొదలైందా, ముగిసిందా, ఈ ఓటరుకు అనుమతి ఇచ్చారా, ఓటు పడిందా అన్న లెక్కంతా ప్రోగ్రాం చూసుకోవాలి. ఒకసారి రాశాక మార్చడానికి వీల్లేని మైక్రోకంట్రోలర్ చిప్‌లో ఆ ప్రోగ్రాం ఉంటుంది. రూపకర్తల ప్రధాన నిర్ణయం ఏమిటంటే, ఈ చిక్కంతా కంట్రోల్ యూనిట్ వైపే ఉంచి ఓటరు వైపు ఒకే ఒక్క పని మిగల్చడం. అధికారి ‘బ్యాలెట్’ బటన్ నొక్కితే కంట్రోల్ యూనిట్ మీద ఎర్ర దీపం, ఇటు పచ్చ దీపం వెలుగుతాయి. ఓటరు నీలం బటన్ నొక్కగానే ఆ వరుసలోనే ఎర్ర దీపం వెలిగి, పొడుగాటి బీప్ వినిపిస్తుంది. ఆ తర్వాత ఏ బటన్‌ను ఎన్నిసార్లు నొక్కినా యంత్రం పట్టించుకోదు. అధికారి మళ్లీ అనుమతిస్తేనే మరో ఓటు. ఓటరు కంగారుపడినా, తెలియక రెండుసార్లు నొక్కినా లెక్క చెడదు. చెల్లని ఓటు వేసే దారినే మూసేశారు. ‘క్లోజ్’ బటన్ అధికారి చేతిలో ఉంటుంది. ‘రిజల్ట్’, ‘క్లియర్’ బటన్లు సీలు వేసిన తలుపు వెనక ఉంటాయి. కరెంటుతో పని లేకుండా బ్యాటరీ మీద నడవడం కూడా ఓటరు కోణం నుంచి వచ్చిన నిర్ణయమే. తీగలు అందని తండాలోనూ, కరెంటు పోయిన నగరంలోనూ బటన్ ఒకేలా పనిచేయాలి.

ఉస్మాన్‌గంజ్‌లో ఈ నిర్ణయాల విలువ తేటగా తెలుస్తుంది. అఫ్జల్‌గంజ్, బేగంబజార్‌లను ఆనుకుని ఉన్న ఈ టోకు వ్యాపార కేంద్రంలో లారీల నుంచి బస్తాలు దించే హమాలీలు, చిట్టాలు రాసే గుమాస్తాలు, దుకాణదారులు, వారి ఇళ్లలోని పెద్దవాళ్లు ఒకే వరుసలో నిలబడతారు. తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ ఆ వరుసలోనే వినిపిస్తాయి. ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి శిక్షణ ఉంటుంది, తప్పు చేస్తూ నేర్చుకునే వెసులుబాటూ ఉంటుంది. బ్యాలెట్ యూనిట్ వాడేవారికి అదేమీ లేదు. ఏళ్లకొకసారి, నిమిషం పాటు, పక్కన చెప్పేవారెవరూ లేకుండా దీన్ని వాడాలి. చదవడం రానివారికి కూడా మొదటిసారే అర్థం కావాలి. అందుకే గుర్తు, దీపం, బటన్ ఒకే అడ్డ వరుసలో ఉన్నాయి. అవసరం లేని బటన్లను తెల్లటి మూతలతో కప్పేస్తారు. 2013 నుంచి చివర్లో, అభ్యర్థులెవరూ వద్దని చెప్పే ‘నోటా’ చేరింది. 2015 నుంచి ఒకే పేరున్న అభ్యర్థులు తికమక పెట్టకుండా ఫొటోలు వచ్చాయి. బస్తాలు మోసి కాయలు కాసిన వేలికైనా, వణికే ముసలి వేలికైనా నొక్కిన సంగతి తెలియాలి. ఆ వేలికి అనుమానం వస్తే కంటికి దీపం, చెవికి బీప్ సాక్ష్యం చెబుతాయి.

పదహారు బటన్లు చాలని సందర్భాలు తెలుగు నేల మీదే ఎదురయ్యాయి. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లతో విసిగిన జనం తమ గోడు దేశానికి వినిపించడానికి ఎంచుకున్న మార్గం అది. అప్పుడు వాడింది కాగితమే; ఆ బ్యాలెట్ పుస్తకమంత అయింది. తర్వాత వచ్చిన యంత్రాల్లో నాలుగు యూనిట్లు కలిపి 64 పేర్ల వరకు వీలుండేది. అంతకు మించితే మళ్లీ కాగితమే దిక్కు. మూడో తరం (ఎం3) యంత్రాల్లో 24 యూనిట్ల దాకా కలిపే ఏర్పాటు వచ్చింది, అంటే 384 బటన్లు. ఒక్కో యూనిట్ వరుసలో ఎన్నోదో చిన్న స్విచ్‌తో అమర్చుతారు. 2019 ఏప్రిల్ 11న నిజామాబాద్‌లో 185 మంది బరిలో నిలిచారు. వారిలో 178 మంది పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కోరిన రైతులు. నోటాతో కలిపి 186 బటన్లు కావాలి గనుక ప్రతి బూత్‌లో 12 యూనిట్లు పెట్టారు. యంత్రం సాగింది గానీ ఓటరు కన్ను అంత సాగదు. పన్నెండు యూనిట్లలో తన గుర్తును వెతుక్కోవడం ఓటరు మీద పడిన కొత్త బరువు. పైగా నల్గొండలో నిలబడినంతమంది మళ్లీ నిలబడితే ఈ తరం యంత్రానికీ సాధ్యం కాదు.

బ్యాలెట్ యూనిట్‌లో అన్నిటికన్నా గౌరవించదగ్గ మార్పు హైదరాబాద్‌లోనే మొదలైంది. దృష్టి లోపం ఉన్నవారి సంఘాలు ఎన్నికల సంఘానికి విజ్ఞప్తులు చేశాయి. సహాయకుణ్ని వెంట తెచ్చుకునే వీలు నిబంధనల్లో ఉన్నా, ఓటు రహస్యం మరొకరికి తెలియక తప్పదు. దాంతో బటన్ల పక్కన 1 నుంచి 16 వరకు అంకెల్ని బ్రెయిలీలో ఉబ్బెత్తుగా పెట్టి చూశారు. దేశంలో ఆ ప్రయోగం మొదట జరిగింది 2004లో, హైదరాబాద్‌లోని అసిఫ్‌నగర్ శాసనసభ ఉపఎన్నికలో. తర్వాత బిహార్, జార్ఖండ్, హరియాణా వంటి రాష్ట్రాల్లో ఒక్కో నియోజకవర్గంలో పరీక్షించి, 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా అమలు చేశారు. ఓటరు బ్రెయిలీలో ఉన్న అభ్యర్థుల జాబితాను వేళ్లతో చదివి, సంఖ్య గుర్తుపెట్టుకుని, యంత్రం మీద అదే సంఖ్యను తడిమి నొక్కుతారు. ఉస్మాన్‌గంజ్‌కు వచ్చే ఈ యూనిట్ అంచునా ఆ చుక్కలు ఉన్నాయి. ఒక చిన్న ప్లాస్టిక్ మార్పుతో ఓటు పూర్తిగా ఒక మనిషి సొంతమైంది.

ఆ తర్వాతి మార్పు చూపున్నవారి అనుమానం నుంచి వచ్చింది. బీప్ విన్నా, దీపం చూసినా, లోపల ఏం నమోదైందో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉపఎన్నికలో వీవీప్యాట్‌ను తొలిసారి వాడారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అన్ని బూత్‌లకూ వచ్చింది. నొక్కిన అభ్యర్థి క్రమసంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీ గాజు కిటికీలోంచి ఏడు సెకన్లు కనిపించి, సీలు వేసిన పెట్టెలో పడుతుంది. పోలింగుకు ముందు పార్టీల ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరిపి, యంత్రం లెక్కనూ చీటీల లెక్కనూ సరిచూసి, ఆ ఓట్లు తుడిచేశాకే అసలు ఓటింగ్ మొదలుపెడతారు.

అయితే ఈ రెండు మార్పులూ ఒకచోట కలవలేదు. బ్రెయిలీ అంకె తడిమి ఓటు వేసిన వ్యక్తికి బీప్ వినిపిస్తుంది గానీ, చీటీ మీద ఏ పేరు పడిందో తెలియదు. ఆ ఏడు సెకన్లు కళ్లున్నవారికే. అది తెలుసుకోవాలంటే పక్కన మరొకరు చూసి చెప్పాలి. చెబితే రహస్యం పోతుంది. చీటీలో ఉన్నది ఆ ఓటరు ఒక్కరి చెవికే వినిపించే ఏర్పాటు ఈ యూనిట్‌కు లేదు. తర్వాతి తరానికి మిగిలి ఉన్న రూపకల్పన పని అది.