మాయానవలల్లో భోజన విచారం

యంగ్ అడల్ట్ నవల అంటే పన్నెండేళ్ళకూ పద్ధెనిమిదేళ్ళకూ నడుమ ఉన్న పాఠకుల కోసం, ఇంచుమించు అదే ఈడు నాయికనో నాయకుణ్ణో ముందు నిలిపి రాసిన నవల అని ప్రచురణ రంగం ఒక నిర్వచనం ఏర్పరచుకుంది. ఫాంటసీ అంటే మన లోకంలో చెల్లని నియమాలు చెల్లే మరో లోకాన్ని కల్పించి, ఆ నియమాలకు చివరిదాకా కట్టుబడి ఉండే కథ. ఈ రెండు నిర్వచనాల్లో ఎక్కడా పాఠకుని గరిష్ఠ వయోపరిమితి పేర్కొనబడలేదు. ఆ లోపాన్ని అదనుగా తీసుకొని, చత్వారమూ మోకాళ్ళ నొప్పీ రెండూ సంక్రమించిన తరువాత ఇటీవల ఈ నవలలను వరసపెట్టి చదివిన ఒక పాఠకుని అభిప్రాయాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పాఠకుడు డ్రాగన్‌ను మొదటి పేజీలోనే నమ్ముతాడు, అదృశ్య వస్త్రాన్ని అభ్యంతరం లేకుండా ఆమోదిస్తాడు, అయిదు వందల ఏళ్ళ రాకుమారుడు పందొమ్మిదేళ్ళ పిల్లను ప్రేమించినా పెదవి విరిచి ఊరుకుంటాడు. కానీ అడవిలో పడి పోతున్న ఆ రాకుమారుడు మధ్యాహ్నం ఏం తిన్నాడో, అది ఎవరు వండారో, ఉప్పు ఎక్కడిదో రచయిత చెప్పకపోతే మాత్రం పుస్తకాన్ని బోర్లించి పెట్టేస్తాడు. కల్పిత లోకపు విశ్వసనీయతను దాని వంటింటిని బట్టి తేల్చే ఈ పద్ధతికి, శాస్త్ర గౌరవం కోసం, ఇకపై భోజనన్యాయం అని పేరు పెట్టుకోవచ్చు.

ఈ న్యాయం పాఠకునికి పరాయి నేల నుంచి వచ్చింది కాదు. అరణ్యవాసంలో ధర్మరాజుకు సూర్యుడిచ్చిన అక్షయపాత్ర ఎంతమందికైనా పెడుతుంది గాని, ద్రౌపది భోంచేసిందంటే ఆ రోజుకు దాని పని ముగుస్తుంది. దుర్వాసుడు శిష్యసమేతంగా సరిగ్గా ఆ తరువాతే దిగబడడం వల్ల కథ పుట్టింది. మహిమకు వేళలుండడం, వేళ దాటితే దేవుడే దిగిరావలసి రావడం అన్న ఈ ఏర్పాటును మించిన మాయానియమాన్ని పాశ్చాత్య ఫాంటసీ తరువాత కూడా పెద్దగా కనిపెట్టలేదని పాఠకుని దృఢాభిప్రాయం. 1957 నాటి 'మాయాబజార్'లో ఎన్ని మంత్రాలున్నా జనం మనసులో నిలిచిపోయింది ఘటోత్కచుడు పెళ్ళివారి వంటశాలను ఒంటిచేత్తో ఖాళీ చేసిన ఘట్టమే. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు'లో అయితే కథ ఆగేదీ సాగేదీ మజిలీలోనే. ఇటువంటి పెంపకంలో పెరిగినవాడు ఎల్ఫుల రాజ్యానికి వెళ్ళినా ముందు పొయ్యి వైపు చూడడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఈ దృష్టి తెలుగువారి సొంతమేమీ కాదు. ఇంగ్లండు రచయిత్రి డయానా విన్ జోన్స్ 1996లో 'ది టఫ్ గైడ్ టు ఫాంటసీలాండ్' అనే పుస్తకం వెలువరించింది. ఫాంటసీ లోకాలన్నీ నిజానికి ఒకే దేశమనీ, అక్కడికి వెళ్ళే యాత్రికులకు ఇది కరదీపిక అనీ నటిస్తూ, ఆ నవలల మూసలను అకారాది క్రమంలో ఎగతాళి చేసిన గ్రంథమది. అందులో స్ట్యూ గురించిన ఆరోపణ పాఠకునికి ప్రాణప్రదమైనది. స్ట్యూ అంటే మాంసమూ దుంపలూ నీళ్ళూ ఒకే కుండలో వేసి సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించే పులుసు వంటి వంటకం. శత్రువులు తరుముకొస్తున్న వీరులు, రాత్రి చీకటి పడ్డాక గుర్రం దిగి, తెల్లవారేలోగా మళ్ళీ ఎక్కవలసినవారు, కాల్చుకు తినడం తేలికని తెలిసీ ప్రతి మజిలీలోనూ దీన్నే ఎందుకు వండుకుంటారన్నది ఆమె ప్రశ్న. ఈ ప్రశ్న వేసినందుకు ఆమెను ఆలంకారికుల వరసలో చేర్చాలని పాఠకుడు ప్రతిపాదిస్తున్నాడు.

టోల్కీన్ మాత్రం ఈ పరీక్షలో సగౌరవంగా నెగ్గుతాడు. 1937లో వచ్చిన 'ది హాబిట్' కథ మొదలయ్యేదే పిలవని పేరంటానికి పదముగ్గురు మరుగుజ్జులు వచ్చి గృహస్థుని కొట్టుగదిని ఖాళీ చేయడంతో. ఆ గృహస్థుడు బిల్బో ఎదుట ఉన్న అసలు సంకటం డ్రాగన్ కాదు, రొట్టెలు చాలుతాయా అన్నదేనని ఇల్లు నడిపినవారెవరైనా గ్రహిస్తారు. 1954-55 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వెలువడిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో లోకాన్ని రక్షించే బాధ్యత ఫ్రోడో మెడలో ఉంటే, వంటపాత్రలూ చిన్న ఉప్పు డబ్బా అతని సేవకుడు శామ్ మూటలో ఉంటాయి. ఇథిలియన్‌లో శామ్ కుందేళ్ళను వండుతాడు, పొయ్యి పొగ పైకి లేస్తుంది, ఆ పొగను చూసి సేనాని ఫారమిర్ మనుషులు వచ్చి పట్టుకుంటారు. అంటే, ఇతిహాసమంత కథలో ఒక ప్రధానమైన మలుపు వంట వల్ల తిరిగింది. శత్రుదేశమైన మోర్డోర్ చేరాక బరువు మోయలేక శామ్ తన గిన్నెలను అగాధంలోకి విసిరేసే చోట పాఠకుడు పడిన దుఃఖం, మాంత్రికుడు గండాల్ఫ్ అగాధంలో పడినప్పుడు పడిన దుఃఖం కన్నా ఎక్కువ. గండాల్ఫ్ తిరిగి వచ్చాడు, గిన్నెలు రాలేదు.

ఇక హ్యారీ పాటర్ విషయం. రౌలింగ్ రాసిన ఈ ఏడు నవలల (1997-2007) మొదటి మూడింట్లో హాగ్వార్ట్స్ పాఠశాల భోజనశాల బల్లల మీద పళ్ళేలు వాటంతటవే నిండుతుంటే, పాఠకుడు అనుమానంగా చూస్తూ వచ్చాడు. హాస్టల్ భోజనం తిన్నవాడెవడూ ఇంత సులువుగా నమ్మడు. 2000లో వచ్చిన నాలుగో నవలలో గుట్టు బయటపడింది: బల్లల కింది అంతస్తులో నూరుమందికి పైగా హౌస్ ఎల్ఫులు, అనగా ఇంటి చాకిరీకి తరతరాలుగా కట్టుబడిపోయిన చిన్న జీవులు, జీతం లేకుండా వండి పైకి పంపుతున్నాయి. ఈ సంగతి తెలిసి హెర్మయనీ పళ్ళెం పక్కకు నెట్టి, ఒక సంఘం పెట్టి, బ్యాడ్జీలు అమ్మబోతే తోటి పిల్లలే నవ్వుతారు. నవల సైతం ఆమెను కొంత నవ్వులపాలే చేస్తుంది. ఏడు సంపుటాల్లో వంటవారి జీతం గురించి అడిగిన ఒకే ఒక్క విద్యార్థిని ఈమె కాబట్టి, జోస్యం ఎవరి గురించి చెప్పబడినా, ఈ కథకు నాయిక ఈమేనని పాఠకుని తీర్పు.

ఏడో నవలలో పెద్ద భాగం గుడారంలో ఆకలితో గడుస్తుంది, చాలామంది కుర్ర పాఠకులు ఆ భాగం సాగదీతగా ఉందని పేజీలు తిప్పేస్తారు. ఈ పాఠకుడు మాత్రం అక్కడే నిటారుగా కూర్చున్నాడు. శూన్యం నుంచి ఆహారాన్ని పుట్టించడం కుదరదన్న గాంప్ సూత్రాన్ని హెర్మయనీ అక్కడ వివరిస్తుంది: ఉన్నదాన్ని పెంచవచ్చు, ఎక్కడుందో తెలిస్తే రప్పించవచ్చు, మార్చవచ్చు, కానీ లేనిదాన్ని తేవడం ఏ మంత్రదండం తరమూ కాదు. తన తల్లి గాల్లోంచి మంచి భోజనం తెస్తుందని అప్పటిదాకా స్నేహితుడు రాన్ నమ్ముతూ వచ్చాడు. మూడుపూటలా వేళకు వడ్డించబడిన కొడుకులందరి భౌతికశాస్త్రం ఇదే. ప్రపంచాన్ని ముంచబోతున్న దుష్టుణ్ణి వేటాడుతున్న ముగ్గురు స్నేహితులు చివరకు మాడిన చేప ముక్కల మీద పోట్లాడుకోవడం, మెడలోని శాపగ్రస్త హారం సగమూ ఖాళీ కడుపు సగమూ పనిచేసి రాన్ గుడారం వదిలిపోవడం, రౌలింగ్ రాసిన వాటిలో అతి వాస్తవికమైన అధ్యాయమని పాఠకుడు నమ్ముతాడు.

ఈ సూత్రానికి మూలం వెతికితే అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' దగ్గర తేలతాం. మేకలు కాసిన కుర్రవాడు గెడ్ మాంత్రికుడై, తాను అహంకారంతో విడిచిపెట్టిన నీడను తానే వెంటాడే ఆ గంభీరమైన కథలో, చివరి ప్రయాణానికి ముందు ఒక వంటిల్లు వస్తుంది. అక్కడ యారో అనే పద్నాలుగేళ్ళ పిల్ల గోధుమ రొట్టెలు కాలుస్తూ, వెలుగు అన్న ఒక్క మాటతో వెలుగును పుట్టించే మీరు, సముద్రం మీద ఆకలేసినప్పుడు భోజనాన్ని కూడా అలాగే ఎందుకు రప్పించుకోరని అడుగుతుంది. అడగరాని ప్రశ్న అది. ఎన్నో లావుపాటి ఫాంటసీల్లో దీన్ని అడిగే సాహసం ఒక్క పాత్రా చేయదు. మాటతో చేసిన రొట్టె మాటగానే మిగులుతుందన్న ధోరణిలో ఆమెకు వేళాకోళంగా బదులు వస్తుంది గాని, లోకపు తూకాన్ని చెడగొట్టకుండా శక్తిని వాడాలన్న ఆ నవల తత్త్వమంతా పొయ్యి ముందరి ఈ సంభాషణలోనే ఉంది. రెండు వందల పేజీలకు కాస్త అటూ ఇటూగా ముగిసే పుస్తకంలో ఇది సాధ్యమైతే, ఎనిమిది వందల పేజీల వారు చేస్తున్నదేమిటన్నది పాఠకుని ఉపప్రశ్న.

ఇటీవలి రచనల్లో నయోమీ నోవిక్ 2020లో ప్రకటించిన 'ఎ డెడ్లీ ఎడ్యుకేషన్' పాఠకుని ప్రశంసకు పూర్తిగా నోచుకుంది. వెల్ష్ తల్లికీ, ముంబయి కుటుంబానికి చెందిన తండ్రికీ పుట్టిన ఎల్ అనే పిల్ల చదివే ఆ మాంత్రిక పాఠశాలలో ఉపాధ్యాయులు లేరు, రాక్షస జీవులు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. క్యాంటీన్‌కు ఒంటరిగా వెళ్ళరాదు, ట్రేలో పెట్టుకున్న ప్రతి పదార్థాన్నీ విషముందో, ఏదైనా నక్కి ఉందో పరీక్షించకుండా తినరాదు. అక్కడి మంత్రాలకు ఇంధనమైన మానాను శ్రమతోనే కూడబెట్టాలి: ఎల్ దండీలు తీసి, తనకు గిట్టని క్రోషే అల్లిక అల్లి, చుక్క చుక్కగా దాస్తుంది. ఇష్టమైన పని కన్నా ఇష్టంలేని పని ఎక్కువ శక్తినిస్తుందన్న ఈ ఏర్పాటు నిజమైతే, సంసారులందరూ ఈపాటికి గాల్లో ఎగురుతూ ఉండాలి. అదే రచయిత్రి అంతకుముందు, 2006 నుంచి రాసిన 'టెమరేర్' నవలల్లో నెపోలియన్ యుద్ధాలను డ్రాగన్‌లతో నడిపింది. అక్కడ సైన్యానికి పెద్ద సమస్య ఎగరడం కాదు, డ్రాగన్‌ల మేతకు ఆవులను సమకూర్చడం. చైనా వంటల రుచి మరిగిన టెమరేర్ అనే డ్రాగన్ కోసం తరువాత పరివారంలో ఒక చైనా వంటవాడే చేరతాడు. డ్రాగన్‌ను కథలోకి తెచ్చే ప్రతి రచయితా ముందుగా పశువుల లెక్క చూపాలన్న నిబంధనకు ఇదే ప్రమాణం.

వెరోనికా రాత్ 2011లో రాసిన 'డైవర్జెంట్' గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. భవిష్యత్తు షికాగోలో జనం గుణాన్ని బట్టి అయిదు వర్గాలుగా చీలి, పదహారేళ్ళకు పరీక్ష ఎదుర్కొని జీవితాంతం మార్చుకోరాని వర్గాన్ని ఎంచుకుంటారు; పదో తరగతి కాగానే ఎంపీసీయా బైపీసీయా అన్నది తేల్చుకున్న తెలుగు పాఠకునికి ఇది భయంకర భవితవ్యంగా గాక, కొంచెం ఆలస్యంగా జరిగే ప్రవేశాల ప్రక్రియగా కనిపిస్తుంది. ధైర్యవంతుల వర్గం కదిలే రైలెక్కి, కదిలే రైలు నుంచే దూకుతుంది. జనరల్ బోగీలో సీటు కోసం సికింద్రాబాద్ స్టేషన్‌లో పరుగెత్తినవారు ఏ వర్గంలోనూ చేరకుండానే అందులో సగం నేర్చుకున్నారు. ఇక పొలాలు దున్ని అందరికీ తిండి పండించే శాంతివాదుల వర్గాన్ని మిగిలినవారు అమాయకులుగా చూడడం ఆ నగరపు అసలు తెలివితక్కువతనం.

స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్' (2005) పట్ల పాఠకునికి ద్వేషం లేదు, సందేహాలున్నాయి. 1918 నుంచీ పదిహేడేళ్ళ వయసులోనే ఉండిపోయిన ఎడ్వర్డ్ ఇంకా హైస్కూలుకే వెళుతున్నాడు. జంతువుల రక్తం మాత్రమే తాగుతామన్న ఆధారంతో అతని కుటుంబం తమను తాము శాకాహారులమని చమత్కరించుకుంటుంది. ఈ నిర్వచనాన్ని పాఠకుడు ఇంట్లో బిగ్గరగా చదివి వినిపించగా, ఏకాదశి ఉపవాసంలో ఉన్న పెద్దలు హాస్యాన్ని స్వీకరించలేదు. ఆ నవలలో పాఠకుని అభిమానమంతా నాయిక తండ్రి చార్లీకి దక్కింది: గుడ్లు వేయించడం తప్ప ఏమీ రాని ఆ పోలీసు అధికారి ఇంట్లో కూతురు బెల్లా వచ్చీ రాగానే వంటిల్లు తన చేతిలోకి తీసుకుంటుంది. అటువంటి పిల్ల, ఎన్నటికీ ఒక్క మెతుకు కొరకని కుటుంబంలో కోడలు కావడాన్ని మించిన విషాదాంతం మరొకటి లేదని పాఠకుని వాదన.

ఇన్ని నవలల్లోనూ భోజనన్యాయానికి నూటికి నూరుపాళ్ళు నిలిచినది సుజాన్ కాలిన్స్ 'ది హంగర్ గేమ్స్' (2008). పన్నెండు జిల్లాల నుంచి పన్నెండు, పద్ధెనిమిది ఏళ్ళ నడుమ పిల్లలను చీటీలు తీసి, ఒకరినొకరు చంపుకొనే పోటీకి పంపే ఆ దేశంలో క్రూరత్వమంతా రేషన్ పద్ధతిలో ఉంది. టెసెరా అంటే ఒక మనిషికి ఏడాది పాటు బొటాబొటిగా సరిపోయే ధాన్యమూ నూనే. దాన్ని తీసుకున్న ప్రతిసారీ పేరు మరోసారి చీటీల్లో పడుతుంది, పడినది ఏటికేడాది పేరుకుపోతుంది. తనకూ తల్లికీ చెల్లెలికీ టెసెరాలు తీసుకున్న పదహారేళ్ళ కాట్నిస్ పేరు 20 చీటీల మీద, అయిదుగురి కోసం తీసుకున్న పద్ధెనిమిదేళ్ళ గేల్ పేరు 42 చీటీల మీద ఉంటాయి. పాఠకుడు పెన్సిలుతో వేసి చూస్తే, ఏటికి 4 చొప్పున అయిదేళ్ళు, 6 చొప్పున ఏడేళ్ళు, లెక్క తప్పకుండా సరిపోయింది. ఫాంటసీ సాహిత్యంలో కూడిక సరిగ్గా ఉండడం డ్రాగన్ కన్నా అరుదైన దర్శనం.

ఈ నవలాత్రయాన్ని పాఠకునికి పరిచయం చేసిన మేనకోడలు మాత్రం ఈ విచారమంతా అప్రస్తుతమనీ, అడగవలసిన ప్రశ్న ఒక్కటేననీ, కాట్నిస్ గేల్‌కు చెందుతుందా పీటాకు చెందుతుందా తేల్చాలనీ, మామయ్యకు ప్రేమకథ చదవడం రాదనీ వాదిస్తుంది. ఆమె గేల్ పక్షం. పాఠకుని మార్గంలో ఈ ప్రశ్నకూ సమాధానం ఉంది. కాట్నిస్ స్వయంగా వేటగత్తె, గేల్ ఉచ్చులు పన్నడంలో దిట్ట. ఆ ఇంట్లో మాంసం పుష్కలంగా ఉంటుంది గాని, దానితో తినడానికి ఏమీ ఉండదు. పీటా రొట్టెలు చేసేవారి కొడుకు. పదకొండేళ్ళ కాట్నిస్ వానలో ఆకలితో కూలబడినప్పుడు కావాలని రొట్టెలు మాడ్చి, తల్లి చేత దెబ్బలు తిని, వాటిని ఆమెకు విసిరినవాడు. 2010 నాటి మూడో నవల చివర రచయిత్రి కూడా పీటా వైపే మొగ్గినందున పాఠకుడు వివాదం ముగిసిందని ప్రకటించాడు. మేనకోడలు ఈ తీర్పును అంగీకరించక, రొట్టెలు కొనుక్కోవచ్చు గదా అన్న ప్రతివాదంతో అప్పీలుకు వెళ్ళింది.