భిలాయి శిక్షాస్మృతి

రాజకీయ అల్లర్లకు దిగినవారిని శిక్షిస్తే తీవ్రవాదం తగ్గుతుందా, ముదురుతుందా అన్న ప్రశ్న మీద లోకంలో రెండు వాదాలు వర్ధిల్లుతున్నాయి. ఒకరికి పడిన శిక్ష చూసి పదిమంది జడుస్తారనీ, కనుక శిక్ష ఎంత కఠినమైతే సంఘం అంత చల్లగా ఉంటుందనీ చెప్పేది మొదటిది. దీన్ని నిరోధవాదం అంటారు. శిక్ష పడినవాడు వీరుడవుతాడనీ, జైలు అతనికి పాఠశాల అవుతుందనీ, బయట అతని స్థానంలో పదిమంది పుట్టుకొస్తారనీ చెప్పేది రెండోది. దీన్ని ప్రతిఘాతవాదం అనవచ్చు. ఈ రెండింటిలో దేనికీ శాశ్వతమైన అనుచరులు లేరు. అధికారంలో ఉన్న పక్షం నిరోధవాదాన్ని, ప్రతిపక్షం ప్రతిఘాతవాదాన్ని పట్టుకుంటాయి. ఎన్నికల ఫలితాలు వెలువడిన మర్నాడు కుర్చీలతో పాటు సిద్ధాంతాలను కూడా పరస్పరం మార్చుకుంటాయి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న సామెతకు నేరశాస్త్రంలో పీఠం వేసిన ఘనత మన రాజకీయ పక్షాలన్నిటికీ సమానంగా దక్కుతుంది.

ఈ వాదాల బలాబలాలు తేల్చడానికి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిని మించిన చోటు దొరకడం కష్టం. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో పుట్టి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమై, భారతీయ రైల్వేకు పట్టాలు పోసి ఇచ్చే కేంద్రంగా ఎదిగిన ఈ ఉక్కు పట్టణం, పొట్ట చేతపట్టుకుని వెళ్లిన ఎన్నో తెలుగు కుటుంబాలకు రెండో సొంతూరు అయింది. కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగం ఉన్నవారికి సెక్టార్ క్వార్టర్లు, బడులు, ఆస్పత్రి దక్కగా, అదే కర్మాగారానికి ఇనుప ఖనిజం తవ్వి ఇచ్చే దల్లీ రాజహరా గనుల కాంట్రాక్టు కూలీలకు వాటిలో ఏదీ దక్కలేదు. ఆ కూలీలు 1977లో సొంత సంఘం పెట్టుకున్నారు. ఎమర్జెన్సీలో మీసా కింద, అంటే విచారణ లేకుండా నిర్బంధించే ఆంతరంగిక భద్రతా చట్టం కింద, జైలులో గడిపి అప్పుడే బయటికి వచ్చిన శంకర్ గుహ నియోగి ఆ సంఘానికి నాయకుడయ్యాడు. ఆయన యువకుడిగా భిలాయి కర్మాగారంలోనే పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. నక్సలైటు రాజకీయాల దగ్గరి దాకా వెళ్లి, బహిరంగ ప్రజాసంఘం లేనిదే పని జరగదని తేల్చుకుని వెనక్కి వచ్చినవాడు.

నిరోధవాదం అక్కడ ఆలస్యం చేయకుండా పనిలోకి దిగింది. 1977 జూన్ 2, 3 తేదీల్లో నియోగి అరెస్టును ఎదిరించి అడ్డుపడిన కూలీల మీద పోలీసులు కాల్పులు జరపగా 11 మంది చనిపోయారు. ఇంతకన్నా కఠినమైన శిక్ష లేదు కనుక, నిరోధవాదం ప్రకారం దల్లీ రాజహరా ఆ తర్వాత నోరెత్తకూడదు. ప్రతిఘాతవాదం ప్రకారం ఆ గనుల చుట్టుపక్కల అడవుల్లోకి తుపాకులు చేరాలి. గని కూలీలు రెండు గ్రంథాలూ చదువుకోకపోవడం వల్ల కాబోలు, రెండింటినీ వమ్ము చేశారు. కూలి రేట్లు పెంచమని సమ్మెలు కొనసాగిస్తూనే, కూలి డబ్బు సారా కొట్లలోకి పోకుండా మద్య వ్యతిరేక ఉద్యమం నడిపి, చనిపోయిన 11 మంది పేరు మీద చందాలు వేసుకుని, తమ చేతులతో కట్టిన శహీద్ ఆస్పత్రిని 1983లో తెరిచారు. కాల్పులకు ప్రతీకారంగా ఆస్పత్రి కట్టిన అల్లరిమూకను ఏ తరగతిలో చేర్చాలో శిక్షాశాస్త్రానికి ఈనాటికీ తోచలేదు.

ప్రభుత్వానికి మాత్రం తోచింది. 1981లో అదే నియోగిని జాతీయ భద్రతా చట్టం కింద నిర్బంధించారు; ఇది కూడా నేరం రుజువు కాకముందే, ముందుజాగ్రత్త పేరిట, మనిషిని లోపల పెట్టడానికి వీలిచ్చే చట్టమే. 1990లో భిలాయి పారిశ్రామికవాడలోని ప్రైవేటు ఫ్యాక్టరీల కార్మికులు బతకగలిగే జీతం, పర్మనెంటు ఉద్యోగం, యూనియన్ పెట్టుకునే హక్కు కోరుతూ ఆయన నాయకత్వంలోని ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా వెనక నిలిచాక, 1991 ఆరంభంలో పాత కేసులు తవ్వితీసి ఆయనను మళ్లీ జైలుకు పంపారు. విడుదలయ్యాక ఆ ప్రమాదకరమైన మనిషి చేసిన పని, వేలాది కార్మికుల సంతకాలతో వినతిపత్రం పట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్‌కు ఇచ్చి రావడం. అదే నెలలో, 1991 సెప్టెంబరు 28 తెల్లవారకముందే, భిలాయిలోని హుడ్కో క్వార్టర్‌లో నిద్రపోతున్న ఆయనను కిటికీలోంచి కాల్చి చంపారు.

ఇక్కడి నుంచి శిక్షాశాస్త్రం తన సున్నితత్వాన్ని చూపించింది. ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా ఐదుగురికి యావజ్జీవం, కాల్పులు జరిపిన కిరాయి హంతకుడికి మరణశిక్ష విధిస్తూ 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు తీర్పు ఇస్తే, మరుసటి ఏడాది అప్పటి ఉమ్మడి మధ్యప్రదేశ్ హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. 2005లో సుప్రీంకోర్టు సాక్ష్యాలు తూచి కాల్చినవాడికి మాత్రం యావజ్జీవం ఖాయం చేసి, మిగతావారి విడుదలను సమర్థించింది. సాక్ష్యం చాలనప్పుడు వదిలేయడం న్యాయస్థానం ధర్మమే, అందులో వెక్కిరించవలసినది ఏమీ లేదు. అయితే సాక్ష్యాలను గింజగింజగా తూచే ఆ త్రాసు కిరాయి హంతకుడికి పైమెట్టున ఉన్నవారి కోసమే బయటికి రావడమూ, యూనియన్ నాయకుడిని జాతీయ భద్రతా చట్టం కింద లోపల వేసేటప్పుడు బీరువాలో భద్రంగా ఉండిపోవడమూ కార్మికుల కంటబడకుండా ఉంటుందని ఆశించడం కాస్త అత్యాశ. ఆ హత్యకు ఏడు వారాల ముందు గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపిన కేసు కూడా ఇదే బాటలో నడిచి, 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేయడంతో ముగింపు దగ్గరికి వచ్చింది కనుక, ఇది ఒక్క ఛత్తీస్‌గఢ్ విశిష్టత అనుకోనవసరం లేదు.

నాయకుడు పోయిన తొమ్మిది నెలలకు, 1992 జూలై 1న, తొలగించిన కార్మికులను పనిలోకి తీసుకోవాలని కోరుతూ వేలమంది భిలాయి పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర రైలు పట్టాల మీద బైఠాయించారు. దేశానికి రైలు పట్టాలు పోసే ఊళ్లో పట్టాల మీద కూర్చోవడం మహానేరంగా తేలింది. సాయంత్రానికి జరిగిన కాల్పుల్లో కనీసం 16 మంది కార్మికులు మరణించారు, ఒక పోలీసు అధికారి కూడా ప్రాణం కోల్పోయాడు. దొమ్మీ కేసులు మాత్రం బతికి బయటపడిన కార్మికుల మీద పడ్డాయి. భారత శిక్షాస్మృతి 149వ సెక్షన్ ప్రకారం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 190వ సెక్షన్ ప్రకారం, ఐదుగురికి తగ్గని చట్టవిరుద్ధ సమావేశంలో ఉమ్మడి ఉద్దేశంతో ఒకరు చేసిన నేరానికి అక్కడున్న ప్రతి సభ్యుడూ బాధ్యుడవుతాడు. యూనిఫాం వేసుకున్న ఐదుగురు ఒకచోట చేరితే వారికి ఉమ్మడి ఉద్దేశం ఉండవచ్చునన్న అనుమానం ఈ సెక్షన్ అమలు చేసేవారికి ఎన్నడూ వచ్చిన దాఖలా లేదు. భిలాయి కార్మికులు అప్పుడు కూడా ప్రతిఘాతవాదుల ఆశలు వమ్ము చేసి, తుపాకి పట్టకుండా ఏటా జూలై 1న పవర్‌హౌస్ దగ్గర చేరి మృతులకు దండలు వేసి, లేబర్ కోర్టులకు వెళ్లి వాయిదాలకు హాజరవుతూ వచ్చారు.

చట్టానికి లోబడిన జనం మీద చట్టం ఎంత కష్టపడి పనిచేసిందో గ్రహించాక, చట్టానికి లోబడని జనం ప్రభుత్వం వైపు ఉన్నప్పుడు ఏం జరిగిందో కూడా చూడాలి. 2005లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకమంటూ సాల్వా జుడుం మొదలైంది. ఊళ్లు తగలబడి వేలమంది ఆదివాసులు ఇల్లూ వాకిలీ వదిలి గోదావరి దిగువన తెలుగు జిల్లాల అడవుల్లోకి వచ్చిపడినా, ప్రభుత్వ పరిభాషలో దాని పేరు జనజాగరణ ఉద్యమం. ఆదివాసీ యువకులకు ప్రత్యేక పోలీసు అధికారులన్న హోదా ఇచ్చి ఆయుధాలు చేతపెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తేల్చి చెప్పేదాకా ఆ జాగరణ సాగింది. అదే 2005లో రాష్ట్రం తెచ్చిన ప్రత్యేక ప్రజాభద్రతా చట్టం, చట్టాన్ని ధిక్కరించమని ప్రోత్సహించడాన్ని సైతం చట్టవ్యతిరేక కార్యకలాపంగా లెక్కగట్టింది. ఆ లెక్కన ఉప్పు సత్యాగ్రహం ఛత్తీస్‌గఢ్‌లో జరగకపోవడం గాంధీగారి అదృష్టం. 2007లో ఆ చట్టం వలలో పడిన డాక్టర్ బినాయక్ సేన్, ఒకప్పుడు దల్లీ రాజహరా గని కూలీల ఆస్పత్రిలో వైద్యం చేసినవాడు. 2010 డిసెంబరు 24న రాజద్రోహం కింద ఆయనకు యావజ్జీవం పడింది, 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. ముక్తి మోర్చా కార్మికుల మధ్య భిలాయిలో ఏళ్ల తరబడి పనిచేసిన న్యాయవాది సుధా భరద్వాజ్‌ను, తెలుగు కవి వరవరరావును 2018 ఆగస్టు 28న, మహారాష్ట్రలోని భీమా కోరేగావ్ అల్లర్లతో ముడిపెట్టిన కేసులో ఒకే రోజు పట్టుకున్నారు. విచారణ మొదలు కాకుండానే మూడేళ్లకు పైగా గడిచాక ఆమె బెయిలు మీద బయటికి రాగలిగింది. చిరునామా ఉన్నవారిని, పిలిస్తే కోర్టుకు వచ్చేవారిని, వినతిపత్రం రాసేవారిని ఏరి శిక్షించడం దర్యాప్తు శాఖలకు ఎంతో సులువు. అడవిలో ఉన్నవాడికి సమను అందించడం కష్టం కదా.

పార్టీల సిద్ధాంత వినిమయానికి తాజా నిదర్శనం 2024 జూన్ 10న బలోదా బజార్‌లో దొరికింది. గిరౌద్‌పురి దగ్గర సత్నామీ మతశాఖవారి పవిత్ర స్తంభమైన జైత్‌ఖంభ్‌ను ధ్వంసం చేసిన కేసులో దర్యాప్తు సరిగా లేదని జరిగిన నిరసన చెయ్యి దాటిపోయి, కలెక్టరేటు, ఎస్పీ కార్యాలయం, లెక్కకు మిక్కిలి వాహనాలు తగలబడ్డాయి. ఆగస్టులో భిలాయి నగర్ కాంగ్రెస్ శాసనసభ్యుడు దేవేంద్ర యాదవ్‌ను ఆ కేసులో అరెస్టు చేశారు. ఆయన ఆరోపణను తోసిపుచ్చగా, 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. ఆయన దోషా, నిర్దోషా అన్నది కోర్టు తేల్చవలసిన మాట. పాలకపక్షం కఠిన శిక్షల మహిమనూ, ప్రతిపక్షం జైళ్ల వల్ల ముదిరే ఆగ్రహాన్నీ వల్లించడంలో మాత్రం ఇరువురూ కంఠస్థం చేసిన పాఠాలను ఏ అక్షరమూ తప్పకుండా అప్పజెప్పారు. అదే బలోదా బజార్ జిల్లాలోని సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగ్, కరువుకాలంలో వర్తకుడి ధాన్యం గిడ్డంగిని బద్దలుకొట్టించి జనానికి పంచిపెట్టిన నేరంతో కథ మొదలై, 1857 డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో ఉరికంబం ఎక్కాడు. ఇప్పుడు నవ రాయ్‌పూర్‌లోని అంతర్జాతీయ క్రికెట్ స్టేడియానికి ఆయన పేరే ఉంది. దొమ్మీకారుడు స్వాతంత్ర్య యోధుడు కావడానికి శతాబ్దం చాలునని దీన్నిబట్టి తెలుస్తోంది, సకాలంలో ప్రభుత్వం మారితే అంతకాలం కూడా అక్కర్లేదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకోవడానికి వీలిచ్చిన అప్పటి నేర విచారణ స్మృతి 321వ సెక్షన్ ఈ పుణ్యకార్యానికే పుట్టిందన్నట్టుగా, 2014 తర్వాత తెలంగాణ ఉద్యమ కేసులు వరసగా మాఫీ అయ్యాయి. 2016 జనవరి 31న తునిలో కాపు రిజర్వేషన్ల ఆందోళన వేళ రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడగా, 2023లో విజయవాడ రైల్వే కోర్టులో కేసు కొట్టివేయడంతో, ఆ రైలు ఎవరూ ముట్టించకుండానే మండిన అపురూప వాహనంగా మిగిలింది.

పరదేశాల అనుభవం సైతం ఇదే వైపు చూపిస్తుంది. 1923లో మ్యూనిక్‌లో తిరుగుబాటుకు దిగిన హిట్లర్‌ను దేశభక్తుడిగా తలచి ముద్దు చేసిన న్యాయమూర్తులు అయిదేళ్ల శిక్ష వేయగా, తొమ్మిది నెలలు నిండకముందే 1924 డిసెంబరులో ఆయన జైలు దాటాడు. మెతకదనం తీవ్రవాదాన్ని ఆపలేదు. 1971 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటిష్ ప్రభుత్వం విచారణ లేని నిర్బంధాన్ని తెచ్చి తొలి విడతలో 342 మందిని, దాదాపు అందరూ ఒకే వర్గంవారిని, లోపల వేసింది. మరుసటి సంవత్సరమే ఆ దేశపు ఘర్షణ చరిత్రలో అత్యధిక మరణాలు నమోదయ్యాయి. కాఠిన్యం కూడా ఆపలేదు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు మీద దాడి చేసినవారిని జైళ్లు ఎంత సంస్కరించాయో తేలకముందే, 2025లో ట్రంప్ తిరిగి గద్దెనెక్కిన తొలిరోజున దాదాపు 1500 మందికి క్షమాభిక్ష దక్కింది. ఒకచోట మెతక, ఒకచోట కఠినం, ఒకచోట మాఫీ. మూడింట్లోనూ ఉమ్మడిగా ఉన్నది శిక్ష మనిషిని బట్టి మారడం. నేరాన్ని ఆపేది శిక్ష తీవ్రత కంటే అది తప్పదన్న నమ్మకమేనని బెకారియా అనే ఇటలీ తత్వవేత్త 1764లోనే రాశాడు. తప్పదన్న నమ్మకం కలగాలంటే అది అందరికీ తప్పకూడదు.

ఆ చివరి షరతు ఆచరణలో ఇబ్బంది పెడుతోంది కనుక, ప్రభుత్వాల సౌకర్యం కోసం కొన్ని సంస్కరణలు సూచించవచ్చు. ప్రాథమిక సమాచార నివేదికలో నిందితుడి తండ్రి పేరు పక్కన పార్టీ పేరుకు ఒక గడి పెట్టి, ఎన్నికల తర్వాత దాన్ని దిద్దుకునే వెసులుబాటు కల్పించవచ్చు. గుంపు వెంట వచ్చిన జెండా రంగును బట్టి సెక్షన్లు వాటంతటవే నిర్ణయమయ్యే పట్టికను పోలీసుస్టేషన్లలో వేలాడదీయవచ్చు. కాల్పుల తర్వాత ఆస్పత్రి కట్టే దురలవాటు ఉన్న సంఘాలను ముందే కనిపెట్టి నిషేధించవచ్చు. అవి రెండు వాదాలనూ అబద్ధం చేస్తాయి కనుక పాలకపక్షానికీ ప్రతిపక్షానికీ సమానంగా ప్రమాదకరం. ఈ సంస్కరణలు సభామర్యాదకు తగవనుకునే ప్రభుత్వానికి మరో మార్గం ఉంది. తన సొంత గుంపు తగలబెట్టిన బస్సుకు, తన సొంత పోలీసులు పేల్చిన తూటాకు, ఎదుటి పక్షానికి వాడే సెక్షన్‌నే అదే వేగంతో ఒక్కసారి వాడి చూడాలి. ఈ పరీక్ష దేశంలో ఇంతవరకు ఎవరూ పూర్తిగా జరపలేదు కనుక, శిక్ష తీవ్రవాదాన్ని ఆపిందని గెలుపు చాటే హక్కు నిరోధవాదులకూ లేదు, ఆపలేదని పెదవి విరిచే హక్కు ప్రతిఘాతవాదులకూ లేదు.